ఆ డబ్బాలన్నీ సంచిలో వేసుకుని వెళ్లండి

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. మాది విశాఖపట్నం, గోపాలపట్నం. ఇద్దరు పిల్లలు. సీతమ్మధారలో ఒక ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. ఎత్తు ఐదడుగుల రెండంగుళాలు. సంక్రాంతికి 76 కిలోలు ఉండేదాన్ని. మా మరిది పెళ్లిలో కనిపించిన ప్రతివాళ్లూ ‘ఏంటమ్మా ఇలా అయిపోయావు’ అన్నారు. మా ఆడపడుచు ఇంట్లోనే న్యూట్రిషన్ క్లబ్ నడుపుతోంది. వదిన మాట కాదనలేక పొద్దున, రాత్రి టిఫిను, భోజనం మానేసి షేక్ తాగడం మొదలుపెట్టాను. తర్వాత ఆన్‌లైన్‌లో ‘కొవ్వు కరిగించే’ మూలికల క్యాప్సూళ్లు, తెలిసిన ఒకావిడ దగ్గర రాత్రిపూట వేడినీళ్లలో కలుపుకునే ఆకుల పొడి కొన్నాను. నాలుగు నెలల్లో ఏడు కిలోలు తగ్గాను. జుట్టు బాగా ఊడుతుంటే వదిన జుట్టు గమ్మీలు (చాక్లెట్లలా నమిలే విటమిన్ బిళ్లలు) ఇచ్చింది. నాలుగేళ్లుగా థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్నాను. పోయిన నెల టెస్టులో థైరాయిడ్ ఎక్కువైందని వచ్చింది, డాక్టరుగారు మాత్రను 75 నుంచి 50కి తగ్గించారు. ఇవన్నీ వాడుతున్నట్టు ఆయనకు చెప్పలేదు, ఇవి మందులు కావు కదా. మా ఆయనకూ తెలియదు. ఇప్పటికి 23 వేలు ఖర్చయింది. పదిహేను రోజులుగా గుండె దడ, నిద్ర పట్టదు. రోజుకు నాలుగైదుసార్లు విరేచనం. ఐదు రోజులుగా తిండి సహించడం లేదు, మూత్రం ముదురు పసుపుగా వస్తోంది. వేడి చేసిందేమో. ఆపేస్తే బరువు మళ్లీ వచ్చేస్తుందని భయం. వదినేమో అదే షేక్ మూడేళ్లుగా తాగుతోంది, తనకేమీ కాలేదు. ఏం చేయమంటారు?

సమాధానం:

అమ్మా, మీరు చివర్లో రాసిన మాటతోనే మొదలుపెడతాను. తిండి సహించకపోవడం, మూత్రం ముదురు పసుపుగా రావడం, ఇవి రెండూ కలిసి వచ్చినప్పుడు దాన్ని వేడి అనుకుని మజ్జిగ తాగి ఊరుకోకూడదు. మీ లివర్ దెబ్బతిని ఉండొచ్చు. ఇది చదివిన ఈ పూట నుంచే షేక్, క్యాప్సూళ్లు, ఆకుల పొడి, గమ్మీలు నాలుగూ ఆపేయండి. తగ్గించుకుంటూ రావడం కాదు, పూర్తిగా ఆపేయడమే. థైరాయిడ్ మాత్ర ఒక్కటి మాత్రం ఆపొద్దు. రేపు పొద్దున్నే డాక్టరు దగ్గరికి వెళ్లండి. మీ థైరాయిడ్ డాక్టరుగారైతే మరీ మంచిది. ఆయన దొరక్కపోతే కేజీహెచ్ ప్రభుత్వాసుపత్రి ఓపీకైనా వెళ్లండి, ఆదివారం దాకా ఆగొద్దు.

వెళ్లేటప్పుడు ఆ డబ్బాలు, సీసాలు, గమ్మీల డబ్బా, మిగిలిన ఆకుల పొడి పొట్లం, అన్నీ ఒక సంచిలో వేసుకుని తీసుకెళ్లండి. ఇంట్లో తెలిసిపోతుందన్న భయంతో చాలామంది ముందు చేసే పని వాటిని చెత్తబండిలో పడేయడం. దయచేసి పారేయకండి. మీ ఒంట్లోకి ఏం వెళ్లిందో డాక్టరుకు చెప్పగలిగేవి అవే. బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, లేబుల్ మీది పేర్లు, అన్నీ అవసరం పడతాయి.

ఈలోగా కళ్లు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా, మగతగా ఉండి మాట తడబడినా, చిగుళ్ల నుంచో ముక్కు నుంచో రక్తం కారినా, గుండె దడతో కళ్లు తిరిగి పడిపోయినా తెల్లారేదాకా చూడకండి. ఏ అర్ధరాత్రయినా క్యాజువాలిటీకి వెళ్లిపోండి. ఇంకో మాట. మన వైపు కామెర్లు అన్న మాట వినగానే ఎవరో ఒకరు ఫలానా ఊళ్లో పసరు మందు పోస్తారంటారు. మీ అత్తగారింట్లోనూ అనొచ్చు. ఒక ఆకు మందు వల్ల లివర్ దెబ్బతిందేమోనని అనుమానపడుతున్న మనిషికి ఇంకో ఆకు పసరు పోయడం ఎంత ప్రమాదమో ఆలోచించండి. ఎవరు బతిమాలినా తాగొద్దు. ఒళ్లు నొప్పులకని పారాసెటమాల్ కూడా డాక్టరును అడగకుండా వేసుకోవద్దు.

డాక్టరుగారు లివర్ ఫంక్షన్ టెస్ట్ రాస్తారు. రక్తం గడ్డకట్టే సమయం చూసే ఐఎన్ఆర్, పొటాషియం, ఈసీజీ కూడా మీకు అవసరమని నా ఉద్దేశం. అన్ని విరేచనాలయ్యాక పొటాషియం పడిపోతుంది, అది పడిపోతే గుండె లయ తప్పుతుంది. మీ దడకు అదీ ఒక కారణం కావచ్చు. తప్పంతా క్యాప్సూళ్లదేనని ముందే తీర్మానించుకోకూడదు. కలుషితమైన నీళ్ల వల్ల వచ్చే హెపటైటిస్ ఎ, ఇ కూడా ఇలాగే ఉంటాయి. వేగంగా బరువు తగ్గినవాళ్లకు, అందులోనూ ఆడవాళ్లకు, పిత్తాశయంలో రాళ్లు ఏర్పడే అవకాశం ఎక్కువ. అందుకే పొట్ట స్కానింగ్ కూడా చేయించమనొచ్చు. నెలసరి తప్పి ఉంటే ఆ సంగతి కూడా దాచకండి. గర్భం ఉందో లేదో తెలుసుకున్నాకే మిగతా మందులు.

ఇక మీ థైరాయిడ్ సంగతి. మీ ఉత్తరంలో నన్ను రెండుసార్లు వెనక్కి వెళ్లి చదివించింది ఇదే. మీరు రాసిన వరుస చూడండి. ముందు షేక్. తిండి బాగా తగ్గిపోయిన రెండు మూడు నెలలకు జుట్టు గుప్పెళ్లతో ఊడటం మామూలే. శరీరానికి సరిపడా తిండి అందకపోతే అది ముందుగా జుట్టును వదులుకుంటుంది. దానికి వదిన గమ్మీలు ఇచ్చారు. జుట్టు గమ్మీల్లో ప్రధానంగా ఉండేది బయోటిన్ అనే విటమిన్. అది మీ థైరాయిడ్‌ను ఏమీ చేయదు. చేసేదంతా మీ రిపోర్టును. చాలా ల్యాబుల్లో హార్మోన్లను కొలిచే పద్ధతి బయోటిన్ మీదే ఆధారపడి పనిచేస్తుంది. రక్తంలో అది ఎక్కువగా ఉంటే మెషిన్ లెక్క తప్పుతుంది. థైరాయిడ్‌ను పనిచేయించే హార్మోన్ టీఎస్‌హెచ్‌ను ఉన్నదానికంటే తక్కువగా, థైరాయిడ్ తయారుచేసే హార్మోన్ టీ4ను ఉన్నదానికంటే ఎక్కువగా చూపిస్తుంది. చూసినవాళ్లకు థైరాయిడ్ ఎక్కువైనట్టే కనిపిస్తుంది. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లో డాక్టర్లను, ల్యాబులను దీని గురించే హెచ్చరించింది.

అంటే మీ డాక్టరుగారు బహుశా తప్పుడు అంకె చూసి మీ మాత్ర తగ్గించారు. అందులో ఆయన పొరపాటు లేదు, ఆయన ముందున్న కాగితం అదే చెప్పింది. కానీ మాత్ర నిజంగా అవసరమైన మనిషికి మోతాదు తగ్గితే ఏమవుతుంది? నీరసం, మలబద్ధకం, మొహం ఉబ్బడం, మళ్లీ బరువు. బరువు పెరిగితే మళ్లీ షేక్ ఎక్కువ. జుట్టు మళ్లీ ఊడితే మళ్లీ గమ్మీలు. ఈ గానుగలో తిరుగుతూ ఏళ్లు గడిపిన ఆడవాళ్లను నేను చూశాను.

ఒకరి విషయం చెబుతాను. కొన్నేళ్ల కిందట నా దగ్గరికి వచ్చే ఒక టీచరుగారికి నేనే రెండుసార్లు మాత్ర తగ్గించాను. ప్రతిసారీ ‘ఇంకేమైనా మందులు వాడుతున్నారా’ అని అడిగాను. ‘లేదు మేడం’ అన్నారు. మూడోసారి వచ్చేసరికి మొహం ఉబ్బి, గొంతు బొంగురుపోయి ఉంది. రిపోర్టు ఒకటి చెబుతోంది, మనిషి ఇంకొకటి చెబుతోంది. పక్కనే ఉన్న కూతురు ‘అమ్మా, ఆ జుట్టు బిళ్లల సంగతి చెప్పవా’ అంది. ఆవిడ అబద్ధమాడలేదు. ఆవిడ దృష్టిలో అవి మందులు కావు. నేను అడిగిన ప్రశ్నే తప్పు. ఆ రోజు నుంచి నేను మందుల గురించి అడగడం మానేసి ‘పొద్దున లేచింది మొదలు రాత్రి పడుకునేదాకా నోట్లో ఏమేం వేసుకుంటారో వరసగా చెప్పండి’ అంటాను. అప్పుడు బయటికి వస్తాయి పొడులు, బిళ్లలు, కషాయాలు. మీ డాక్టరు అలా అడగకపోయినా మీరు అలాగే చెప్పండి.

లివర్ టెస్టు రేపే చేయించండి. థైరాయిడ్ టెస్టుకు మాత్రం గమ్మీలు మానేసి కనీసం రెండు మూడు రోజులు గడవాలి. నెల కిందట మాత్ర మారింది కాబట్టి, ఆరు వారాలు నిండాక ఇంకోసారి చేస్తేనే అసలు లెక్క తెలుస్తుంది. సంగతంతా విన్నాక మోతాదు ఎంతో డాక్టరుగారే చెబుతారు. పాత మాత్రలు ఇంట్లో ఉన్నాయని మీ అంతట మీరు 75కి వెళ్లిపోవద్దు. ఇప్పుడు మీకు దడ ఉంది. ఆ దడ ఎందుకో తేలకుండా మోతాదు పెంచకూడదు.

థైరాయిడ్ మాత్ర వేసుకున్న ఎంతసేపటికి షేక్ తాగేవారో మీరు రాయలేదు. ఆఫీసు బస్సు హడావిడిలో రెండూ ఒకేసారి అయ్యుంటాయని అనుకుంటున్నాను. బరువు తగ్గించే షేకుల్లో చాలావాటిలో సోయా ప్రొటీన్, కాల్షియం, ఐరన్ ఉంటాయి. మాత్రతో పాటే కడుపులోకి వెళితే ఇవి దాన్ని ఒంటికి పట్టనివ్వవు. కాల్షియానికి, ఐరన్‌కు నాలుగు గంటల ఎడం కావాలి. కాఫీ కూడా మాత్ర తర్వాత అరగంట, గంట ఆగాకే. కాబట్టి మీ విషయంలో ఒక పక్క షేక్ మాత్రను పనిచేయనివ్వకుండా, ఇంకో పక్క గమ్మీలు రిపోర్టును తారుమారు చేసి, మధ్యలో డాక్టరును చీకట్లో ఉంచాయి. ఒక్క ముక్క చెప్పి ఉంటే ఐదు నిమిషాల్లో తేలిపోయే విషయం ఇది.

‘ఆకులే కదా, మందులు కావు కదా’ అన్నారు. హైవే మీద డివైడర్ల నిండా గన్నేరు పూస్తుంది, రోజూ బస్సులోంచి చూస్తూనే ఉంటారు. అదీ ఆకే. పచ్చగన్నేరు పప్పు తిని గుండె ఆగే స్థితిలో ఆసుపత్రులకు వచ్చినవాళ్లను మన జిల్లాల్లో ఏ డాక్టరునడిగినా చెబుతారు. మొక్కలో ఉన్నది పనిచేసేదైతే అది మందే. మందైతే దానికి మోతాదు ఉంటుంది, దుష్ఫలితం ఉంటుంది, వేరే మందుతో తగాదా ఉంటుంది. ఏమీ చేయనిదైతే మీరు డబ్బు పెట్టి కొనడం దేనికి?

మీరు పంపిన ఫొటోలో క్యాప్సూళ్ల లేబుల్ చూశాను. గార్సీనియా, గ్రీన్ టీ ఎక్స్‌ట్రాక్ట్, ఇంకో ఎనిమిది మూలికల పేర్లు ఉన్నాయి. ఏది ఎంత ఉందో లేదు, అన్నీ కలిపి ఒకే బరువు వేశారు. గార్సీనియా అంటే కేరళవాళ్లు చేపల పులుసులో వేసుకునే మలబారు చింత. పులుసులో ఒక రేకు వేస్తే ఎవరికీ ఏమీ కాదు. దాని సారాన్ని చిక్కబరిచి క్యాప్సూల్‌లో నింపి రోజూ మింగినవాళ్లలో కొందరికి లివర్ దెబ్బతిన్న సంగతి వైద్య పత్రికల్లో నమోదైంది. గ్రీన్ టీ కూడా అంతే. కప్పులో తాగితే భయం లేదు. సారంగా తీసుకున్నప్పుడు, అందులోని ఈజీసీజీ అనే పదార్థం రోజుకు 800 మిల్లీగ్రాములు, అంతకు మించితే లివర్ ఎంజైములు పెరుగుతున్నాయని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2018లో తేల్చింది. మీ క్యాప్సూల్‌లో ఎంతుందో చెప్పే అంకే లేబుల్ మీద లేదు. బరువు కోసం, టెన్షన్ తగ్గడం కోసం ఈమధ్య అందరూ వేసుకుంటున్న అశ్వగంధ కూడా కొందరిలో లివర్‌ను దెబ్బతీస్తుంది, థైరాయిడ్ హార్మోన్‌ను పెంచుతుంది. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు దాన్ని అడగకుండా ముట్టుకోకూడదు.

ఇది ఆయుర్వేదాన్ని తీసిపారేయడం కాదు. చదువుకున్న ఆయుర్వేద వైద్యులు నాడి చూసి, వయసు, రోగం, వేసుకుంటున్న ఇతర మందులు అడిగి, ఒక మనిషికి ఒక మందు రాస్తారు. అది లైసెన్సు నంబరున్న కంపెనీ మందై ఉంటుంది. లేబుల్ లేని పొట్లం కట్టి, వచ్చిన అందరికీ అదే ఇచ్చేవాళ్లకు ఆ శాస్త్రం పేరు చెప్పుకునే అర్హత లేదు. మీ వంటింటి జీలకర్ర నీళ్లు, మెంతులు, నిమ్మరసం మీరు వాడుకునే మోతాదులో హాని చేయవు. కొవ్వును మాత్రం కరిగించవు. ఆ ఆశ వదిలేసి తాగితే తాగొచ్చు.

ఆ రాత్రి పొడి గురించి ఎక్కువ చెప్పాలి. నాలుగైదు విరేచనాలు అవుతున్నాయంటే అందులో సునాముఖి ఆకు ఉండే అవకాశం చాలా ఎక్కువ. అది పనిచేసేది పెద్దపేగులో. మీరు తిన్న అన్నంలోని, నూనెలోని శక్తి అంతకు ముందే చిన్నపేగులో ఒంటికి పట్టేసి ఉంటుంది. పెద్దపేగు నుంచి పోయేది నీళ్లు, లవణాలు. పొద్దున మెషిన్ ఎక్కితే కిలో తగ్గినట్టు చూపిస్తుంది, కొవ్వు ఎక్కడిదక్కడే ఉంటుంది. నెలల తరబడి వాడితే పొడి లేకుండా పేగు కదలనని మొండికేస్తుంది.

నిద్ర పట్టకపోవడం, దడ, ఆకలి చచ్చిపోవడం, ఇవి చదువుతుంటే ఇంకో అనుమానం వచ్చింది. ఇది మిమ్మల్ని భయపెట్టడానికి కాదు, మీ డాక్టరుకు చూపించమని రాస్తున్నాను. సిబుట్రమిన్ అని ఆకలి చంపే మందు ఒకటి ఉండేది. గుండెపోటు, పక్షవాతం ప్రమాదం పెంచుతోందని 2010లో అమెరికా, యూరప్ మార్కెట్ల నుంచి వెళ్లిపోయింది. మన ప్రభుత్వం 2011 ఫిబ్రవరిలో నిషేధించింది. అయినా ‘నూరుశాతం మూలికలు’ అని అమ్మే బరువు తగ్గించే మందులను పరీక్షించినప్పుడు దేశదేశాల్లో ఇప్పటికీ అది బయటపడుతూనే ఉంది. ఫినాఫ్తలీన్ కూడా దొరికింది. స్కూల్లో కెమిస్ట్రీ ల్యాబులో క్షారంలో రెండు చుక్కలు వేస్తే గులాబీ రంగు తిరిగేదే, అది. ఒకప్పుడు విరేచనాల మందుగా వాడి, క్యాన్సర్ అనుమానంతో చాలా దేశాల్లో ఆపేశారు. మూలిక అన్నది మూడు రోజుల్లో ఆకలిని పూర్తిగా చంపేసిందంటే అందులో మూలిక కానిదేదో ఉందని అనుమానించాల్సిందే.

‘గవర్నమెంటు నంబరు ఉంది కదా’ అని వదిన అన్నారని రాశారు. డబ్బా మీద మన దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 14 అంకెల నంబరు ఉండటం మంచిదే. అది తయారుచేసేవాళ్లకో అమ్మేవాళ్లకో ఆహార వ్యాపారం చేయడానికి ఇచ్చిన లైసెన్సు. ఆ పొడి బరువు తగ్గిస్తుందని ఎవరో పరీక్షించి ఇచ్చిన సర్టిఫికెట్ కాదు. అందుకే సప్లిమెంట్ల లేబుల్ మీద ‘వైద్యానికి వాడేది కాదు’ అని రాయాలన్న నియమం కూడా ఉంది, డబ్బా తిప్పి చూడండి. స్థూలకాయాన్ని నయం చేస్తామని మందుల ప్రకటన ఇవ్వడమే మన దేశంలో 1954 నాటి చట్టం ప్రకారం నేరం. గోడల మీద, ఫోన్లలో రోజూ కనిపిస్తున్నాయి కాబట్టి చట్టబద్ధమని అనుకోకండి.

మరి ఏడు కిలోలు ఎలా తగ్గాయి? రోజుకు మూడు పూటలు తినే మనిషి రెండు పూటలు ఒక గ్లాసుతో సరిపెట్టుకుంటే ఏ పొడి కలిపినా, కలపకపోయినా తగ్గుతుంది. తగ్గించింది మీరు మానేసిన తిండి. అందులో కొంత కొవ్వు, కొంత నీరు, కొంత కండ. ఆపేశాక మొదటి వారంలో కిలో, రెండు కిలోలు వెనక్కి వస్తాయి. అది నీరు. దాన్ని చూసి బెదిరిపోయి మళ్లీ డబ్బా తెరవొద్దు. నెల రోజులు మెషిన్ ఎక్కకపోయినా నష్టం లేదు.

మీ బరువు సంగతి దాచకుండా చెబుతాను. మీ ఎత్తుకు 76 కిలోలంటే బీఎంఐ (ఎత్తును బట్టి బరువును చూసే లెక్క) 30 దాటింది. ఇప్పుడు 69 అంటే దాదాపు 28. మనవాళ్లకు 23 దాటితే అధిక బరువు, 25 దాటితే స్థూలకాయం అని లెక్క. కాబట్టి మీరు తగ్గాలనుకోవడం తప్పు కాదు, అందం కోసం మాత్రమే కూడా కాదు. మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 36 మంది అధిక బరువుతో ఉన్నారని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. ఇంతమందికి ఉన్న సమస్యను పెళ్లి పందిట్లో నిలబెట్టి ఒక్కరి తప్పులాగా మాట్లాడినవాళ్ల మీద నాకు కోపం వచ్చింది. అక్కడ భోజనాల వరసలో ఎంతమంది మీలాగే లోపల కుంగిపోయి ఉంటారో.

లివర్ కుదుటపడి డాక్టరు సరేనన్నాక మొదలుపెడదాం. ఆరు నెలల్లో మీ మొదటి బరువులో ఐదు శాతం, అంటే నాలుగు కిలోలు తగ్గి అక్కడ నిలబడినా షుగర్, బీపీ విషయంలో ఒంటికి మేలు కనిపిస్తుంది. మీరు ఇప్పటికే అంతకన్నా ఎక్కువ దిగారు. కాబట్టి ముందు దీన్ని నిలబెట్టుకోవడమే పని.

మన ఇళ్లలో అసలు చిక్కు కంచంలో అన్నం గుట్ట, పక్కన చెంచాడు కూర. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో, ధాన్యాల నుంచి వచ్చే శక్తి మొత్తంలో 45 శాతం దాటకూడదంది. మనది దానికి ఎంతో ఎక్కువ. అన్నం మానేయక్కర్లేదు. ఒక గిన్నె కొలత పెట్టుకుని, అంతకు సమానంగా కూర, పక్కన గట్టి పప్పో గుడ్డో చేపో పెట్టుకోండి. పొద్దున షేక్ బదులు చోడి (రాగి) అంబలి మజ్జిగ కలుపుకుని తాగండి, దాంతో ఉడికించిన గుడ్డు ఒకటి. లేదా ఒక పెసరట్టు, ఉప్మా లేకుండా. చోళ్లు మన ఉత్తరాంధ్ర పంటే, అమ్మమ్మల నాటి నుంచి అలవాటైన తిండే. విశాఖలో ఉండి చేపకు కొదవేముంది? నెత్తళ్లు, కవళ్లు ఖరీదు తక్కువ, ప్రొటీన్ ఎక్కువ. వేపుడు కాకుండా పులుసు పెట్టుకోండి. 23 వేలతో రైతు బజారులో కూరలు, హార్బర్‌లో చేపలు ఎన్ని నెలలు వచ్చేవో అకౌంట్స్ చూసే మీకు నేను చెప్పక్కర్లేదు. నూనె మనిషికి నెలకు అర లీటరు దాటకుండా కొలిచి పక్కన పెట్టుకోండి. ఇంట్లో నలుగురున్నారు కాబట్టి రెండు లీటర్లు. సాయంత్రం ఆఫీసు నుంచి ఆకలితో దిగి బజ్జీల బండి దగ్గర ఆగడమే మీలాంటి ఉద్యోగినులు ఎక్కువగా చేసే పని. నాలుగున్నరకు గుప్పెడు వేయించిన శనగలో, ఉడకబెట్టిన పల్లీలో ఆఫీసులోనే తినేస్తే బండి దాటి వెళ్లగలరు.

నడక గురించి మీకు అందరూ చెప్పే ఉంటారు. గోపాలపట్నం నుంచి బీచ్ రోడ్డుకు రోజూ పొద్దున్నే వెళ్లి నడవమంటే ఇద్దరు పిల్లల తల్లికి అయ్యే పని కాదు. ఆఫీసు నుంచి వచ్చేటప్పుడు ఒక స్టాపు ముందే దిగి నడవండి. ఆదివారం పిల్లలతో బీచ్‌కి వెళ్లండి, ఇసుకలో వాళ్ల వెంట పరిగెత్తండి. వారంలో రెండు మూడు రోజులు ఇంట్లోనే గోడకు చేతులు ఆనించి తోయడం, కుర్చీలోంచి పదిహేనుసార్లు లేచి కూర్చోవడం లాంటివి చేస్తే పోయిన కండ తిరిగి వస్తుంది. వీటన్నిటి తర్వాత కూడా తగ్గకపోతే డాక్టరు రాసే మాత్రలు, ఇంజెక్షన్లు ఇప్పుడు ఉన్నాయి. పరీక్షలు చేసి, ఎవరికి పనికొస్తాయో చూసి రాసేవి అవి. పార్లర్లోనో పరిచయస్తుల దగ్గరో కొనేవి కావు.

ఇంట్లో చెప్పడం గురించి. మీ ఆయనకు ఈ రాత్రే చెప్పేయండి. డబ్బు సంగతి కన్నా ముందు ఒంట్లో సంగతి చెప్పండి. ‘నాకు బాగాలేదు, రేపు ఆసుపత్రికి రావాలి’ అన్నాక మిగతాది నోటికి దానంతట అదే వస్తుంది. 23 వేలకు ఆయన కోప్పడితే కోప్పడనివ్వండి. కామెర్లు ముదిరి ఐసీయూలో చేరితే అక్కడి బిల్లు ముందు అది ఏపాటిది?

వదినతో గొడవ పడక్కర్లేదు. ‘డాక్టరుగారు అన్నీ ఆపమన్నారు వదినా, లివర్ టెస్టు రాశారు’ అని నా మీదో మీ డాక్టరు మీదో నెట్టేయండి. ఆమె నొచ్చుకుంటారు. ఆ క్లబ్బు మీద ఆమె కూడా ఎంతో డబ్బు పెట్టి ఉంటారు, ఇంట్లో ఆమెకంటూ ఉన్న సంపాదన బహుశా అదొక్కటే. మీకు చెడు చేయాలని ఇచ్చి ఉండరు. ‘విషాలు బయటికి పోతున్నాయి, అందుకే దడ, విరేచనాలు’ అని ఆమె అన్నారని ఉత్తరం వెనక రాశారే, ఆ ఒక్క మాట మాత్రం ఇంకెవరికీ చెప్పొద్దని ఆమెను గట్టిగా అడగండి. ఆ మాట నమ్మే మీరు పదిహేను రోజులు ఆలస్యం చేశారు. ఆమె దగ్గర షేక్ తాగే మిగతా ఆడవాళ్లలో థైరాయిడ్, షుగర్, బీపీ మందులు వేసుకునేవాళ్లు ఎందరున్నారో, వాళ్లలో ఎందరు డాక్టరుకు చెప్పారో కూడా అడగమనండి.

మందుల దుష్ఫలితాలను నమోదు చేసే జాతీయ కార్యక్రమం ఒకటి ఉంది. 1800-180-3024 ఉచిత నంబరు. డాక్టరే చేయాలని లేదు, మీరూ చేసి చెప్పొచ్చు. ఆయుర్వేద, మూలికల మందుల గురించి కూడా తీసుకుంటారు. రిపోర్టులు చేతికొచ్చాక ఆ పని చేయండి.

రేపు వెళ్లేటప్పుడు వీలైతే వదినను వెంట తీసుకెళ్లండి. మూడేళ్లుగా తాగుతోంది, తనకేమీ కాలేదు అని రాశారు. లివర్ మూడొంతుల దాకా దెబ్బతిన్నా కొందరిలో పైకి ఏమీ కనిపించదు. ఆమెకూ అదే రక్తపరీక్ష రాయమని డాక్టరుగారిని అడగండి.